అందరికీ ఒకటే కిలోనా?

బడికొక స్టాండర్డ్ ఉండుడు ఈ దేశానికి దొరికిన పెద్ద వరం! ఈ మాట నేను గాలికి అంటలేను. ఇన్నేండ్ల సంది మాదన్నపేట మార్కెట్ల చింతపండు, ఎండుమిర్చి తూచి తూచి, మనుషులను గూడ కంటితోనే తూచుడు నేర్చుకున్నంక అంటున్న. పైగా మా గల్లీ సర్కారు బడి విద్యా కమిటీకి నేనే చైర్మన్. చదువు సంగతి నాకు తెల్వకుంటె ఇంకెవలికి తెలుస్తది?

ఈ నడుమ పేపర్లల్ల ఒక లొల్లి నడుస్తున్నది. సర్కారు బడైనా, ప్రైవేటు బడైనా, తెలుగు మీడియమైనా, ఇంగ్లీష్ మీడియమైనా, ఏడో తరగతి పిల్లలకు ఏమేం రావాలెనో అది అందరికీ ఒకటే ఉండాలెనట! ఒకటే ప్రశ్నపత్రమట! అందరి జవాబులు ఒకటే తీరుగ దిద్దుతరట! మంచిగ చదువుకున్నోళ్ళు, టీవీల కూసొని మాట్లాడెటోళ్ళు గిట్లంటున్నరు. మీరే చెప్పుండ్రి, గిదేమన్న న్యాయమా?

ఇప్పుడున్న సౌలత్ ఎంత గొప్పదో ఒక్కసారి చూడుండ్రి. మా గల్లీల ఒక పోరడు సర్కారు బడిల అయిదో తరగతి చదువుతున్నడనుకుందాం. వాణ్ణి బహదూర్‌పురా కాన్వెంట్‌కు తీస్కపోతె, మేడమ్ నాలుగు ఇంగ్లీష్ ముక్కలడిగి, "సెకండ్ క్లాస్‌ల కూసోబెడ్త" అంటది. అదే పోరణ్ణి జల్‌పల్లి దిక్కు కొత్త కాలనీల రెండు షటర్లు కలిపి పెట్టిన స్కూల్‌కు తీస్కపోతె, ప్రిన్సిపాల్ సారు ఖాళీ బెంచీల దిక్కు చూసి, "వీడు మస్తు హుషారున్నడు, సీదా ఏడుల ఏస్కుంట" అంటడు. అంటె ఏందన్నట్టు? బస్సు పాస్ ఒక్కటుంటె చాలు, వాడు పొద్దుగాల అయిదు, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఏడు! ఒక్క దినంల ఇన్ని చదువులు చదివిన దేశం ఇంకోటి ఉన్నదా?

ఫస్ట్ ర్యాంకుల సంగతి చెప్పనే వద్దు. బడికొక స్టాండర్డ్ ఉన్నది కాబట్టి బడికొక ఫస్ట్ ర్యాంకు ఉన్నది. మా గల్లీల ఏ ఇంట్లకు పోయినా ఒక ఫస్ట్ ర్యాంకు చాయ్ తెచ్చిస్తది. అందరికీ ఒకటే పరీక్ష పెడితె, పట్నమంతటికి ఒక్కడే ఫస్టొస్తడు. మిగిలినోళ్ళ తల్లులు ఏం గావాలె? పండుగలకు, ఫలితాలకు బట్ట బ్యానర్లు రాసుకొని బతుకుతున్న మా పెయింటర్ రాజన్న ఏం తినాలె? ఈ పెద్దమనుషులకు వాళ్ళ ఫికర్ ఉన్నదా!

ఇగ ఈ లొల్లి మా బడి దాక వచ్చింది. మా దిక్కున్న బడులన్నిటికి ఈ ఏడు ఏడో తరగతికి ఒకటే పరీక్ష పెట్టి చూస్తమని పైనుంచి ఆర్డర్ వచ్చిందట. మా హెడ్ టీచర్ లలితమ్మ మీటింగ్ పెట్టింది. నేను లేచి, చైర్మన్ హోదాల, పైన మీకు చెప్పిందంత గంభీరంగ చెప్పిన. చప్పట్లు గూడ పడ్డయి, ఎందుకంటె చాయ్ నేనే తెప్పించిన.

గప్పుడు వెనక బెంచి నుంచి ఒక మనిషి లేచి నిలబడ్డడు. శ్రీహరిరావు అని, గుంటూరు దిక్కు నుంచి బదిలీ మీద వచ్చి మా గల్లీలనే కిరాయికుంటున్నడు. తూనికలు, కొలతల ఆఫీసుల ఇన్‌స్పెక్టర్. మెత్తగ మాట్లాడుతడు, గా మెత్తదనమే నాకు సహించది.

"సోమశేఖర్ గారూ, నాదో చిన్న మాటండీ. మాదన్నపేటలోనైనా, బంజారాహిల్స్‌లోనైనా కిలో అంటే కిలోయే కదండీ? మరి పిల్లల చదువు దగ్గరకొచ్చేసరికి వీధికో రాయి ఎందుకండీ?" అన్నడు.

"రావు సాబ్, మీరు కొత్తగ వచ్చిండ్రు. కిలో సంగతి మీకేం తెలుస్తది!" అన్న.

తూనికల ఇన్‌స్పెక్టర్‌తోని ఈ మాట అన్న మొనగాణ్ణి ఈ రాష్ట్రంల నేనొక్కణ్ణే కావచ్చు. గని అన్నది అబద్ధం కాదు. మీరు నా సొంతోళ్ళు కాబట్టి మీకొక ముచ్చట చెప్త, బయట అనకుండ్రి.

మా దుకాణంల కిలో రాళ్ళు మూడున్నయి. రైతు చింతపండు తెస్తె తూచెటందుకు ఒకటి. దాని అడుగున సీసం జర ఎక్కువ పోపిచ్చిన, అది కొనే రాయి. గిరాకి వస్తె తూచెటందుకు ఇంకోటి. దాని అడుగున సీసం జర గీకిపిచ్చిన, అది అమ్మే రాయి. మూడోది సర్కారు ముద్ర పడ్డ రాయి. దాన్ని ఎర్రబట్టల చుట్టి దేవుని అర్రల పెడ్త. ఏడాదికోసారి ముద్ర వేసెటోళ్ళు వచ్చిన దినం బయటికి తీస్త, బొట్టు పెట్టి చూపెడ్త, మళ్ళ లోపల పెడ్త.

మోసం అంటరా? ఛీ ఛీ! సందర్భాన్ని బట్టి ప్రమాణం! రైతు ముందర తరాజు ముల్లు నిటారుగ నిలబడ్తది, గిరాకి ముందర గూడ నిటారుగ నిలబడ్తది. ఎవ్వలికీ దుఃఖం లేదు. తూచినంక పిడికెడు కొసరు ఏస్తె, "దిల్‌వాలా సేట్" అని దండం పెట్టి పోతరు. ఒకటే కిలో పెట్టుకుంటె నేను కొసరు యాడికెల్లి తేవాలె?

ఇంతకూ నా ఇల్లు చూస్తె మీకు అసలు సంగతి సమజైతది. మాకు ఇద్దరు కవలలు. నిఖిలేష్, స్రవ్య. పుట్టిన కొత్తల నా భార్య విమలాదేవి ఇద్దర్ని ఇంటికి తెస్తె, నేను దుకాణంల పెద్ద తరాజు కడిగిపిచ్చి, ఒక పళ్ళెంల వాణ్ణి, ఒక పళ్ళెంల దాన్ని పండబెట్టిన. ముల్లు అటు ఇటు కదల్లే! బజారంత వచ్చి చూసింది. "సేట్ ఇంట్ల లక్ష్మి, నారాయణుడు బరాబర్ పుట్టిండ్రు" అన్నరు. నేను గూడ ఆ దినం మస్తు మురిసిన.

తెల్లారి సంది మా ఇంట్ల స్టాండర్డ్లు మొదలైనయి. వాడు కాన్వెంట్, బిడ్డ సర్కారు బడి. ఎందుకంటరా? చైర్మన్ కావాలంటె ఆ బడిల మన పిల్లొకటి ఉండాలె గదా! తండ్రి పదవి కోసం చదువుతున్న బిడ్డను మీరు ఇంకేడన్న చూసిండ్రా? వానికి స్కూల్ బస్సు, బిడ్డకు కాళ్ళు. వానికి సాయంత్రం ట్యూషన్, బిడ్డకు సాయంత్రం దుకాణం. పొద్దుగాల పాలు పోసినప్పుడు వానికి పెద్ద స్టీల్ గ్లాసు, బిడ్డకు పొట్టి గ్లాసు. ఆడపిల్లకు అంత పాలు అరగవని మా అమ్మ అనేది. మా అమ్మకు గూడ పొట్టి గ్లాసే ఉండె, పాపం.

దుకాణంల స్రవ్య ఉన్నదంటె నాకు నిశ్చింత. కూసున్న మొదటి దినమే చెప్పిన, "బిడ్డా, ఏం చేసినా సరే, అడగకుండ రాయి ముట్టకు. రైతుకు అమ్మే రాయి ఏస్తె కొంప మునుగుతది" అని. అప్పటి సంది ఒక్క దినం గూడ తప్పులే. ఎవలొచ్చినా ముందుగాల నా చెవిల అడుగుతది, "ఏది బాపు?" అని. గంత బుద్ధిమంతురాలు.

మా సర్కారు బడి ఏడు దాకనే. ఎనిమిది చదవాలంటె వేరే బడికి పోవాలె. ఆ పరీక్ష ఆర్డర్ రాకముందు ఒక దినం లలితమ్మ టీచర్ మా ఇంటికి వచ్చింది. మంచం మీద కూసొని, మంచినీళ్ళు గూడ ముట్టలే.

"సేట్, స్రవ్యను ఏడుతోని ఆపుతరట గదా. ఆపకుండ్రి. ఆ పిల్ల చదువుతది" అన్నది.

"ఆడపిల్లకు ఏడు చాలు టీచరమ్మా. వాని స్టాండర్డ్ వేరు, దాని స్టాండర్డ్ వేరు."

"తూచి చూసిండ్రా?"

ఏం మాట! తూకం పేరు తీస్తె నాకు రోషం రాదా? "ఇద్దర్ని ఒకటే తరాజుల ఎక్కించి, సమంగ తూగితె, ఇద్దర్ని ఒకటే బడిల ఏస్త. జబాన్ ఇస్తున్న, పో!" అన్న.

మా బజార్ల జబాన్ అంటె జబానే. లారీల లారీల సరుకు నోటి మాట మీద నడుస్తది. మాట తప్పినోనికి తెల్లారి ఎవ్వడు బస్తా దించడు. గది నాకు తెల్వక కాదు. సర్కారు బడిని, కాన్వెంట్‌ను కలిపి తూచే తరాజు ఈ లోకంల లేదని ధీమాతోని ఇచ్చిన. తలుపు సాటున విమల నిలబడి ఇన్నది. స్రవ్య పొట్టి గ్లాసు చేతుల పట్టుకొని ఇన్నది.

జబాన్ ఇచ్చి చాయ్ తాగి మూతి తుడుచుకునే లోపల ఆర్డర్ వచ్చె, ఒకటే పరీక్ష అని! ఎవలికి కడుపు మండదు చెప్పుండ్రి?

ఇగ నేను ఊకుంటనా? బహదూర్‌పురా కాన్వెంట్ కరస్పాండెంట్‌ను, రెండు షటర్ల ప్రిన్సిపాల్‌ను కలిసి "ప్రమాణాల పరిరక్షణ సమితి" పెట్టిన. కాన్వెంట్ సారు నాకంటె ఎక్కువ పరేషాన్ల ఉండె. "మా పిల్లలకు సర్కారు బడి పిల్లల కంటె తక్కువొస్తె ఫీజెట్ల అడగాలె సేట్?" అని ఒక్కటే మొత్తుకునుడు. బ్యానర్ రాజన్నతోనే రాయించిన, "బడికొక ప్రమాణం మా జన్మహక్కు" అని. బ్యానర్ పట్టుకొని మార్కెట్ గేటు దాక ఊరేగింపు పోయినం. ఎదురుంగ ఉల్లిగడ్డ లారీ వచ్చి హారన్ కొడితె పక్కకు జరిగినం, ఉద్యమం గాడ్నే ఆగిపోయింది.

స్రవ్య మటుకు ఏ సమితిల చేరలే. చింతపండు బస్తా మీద కూసొని, గిరాకికి గిరాకికి నడుమ చదువుకున్నది. నేను చూసి చూడనట్టున్న. చూస్తె ఏం గుబులైతదో అని గూడ కొంచెముండె.

పరీక్ష అయింది. ఫలితాలొచ్చినయి. నిఖిలేష్‌కు మంచిగనే వచ్చినయి, నా కొడుకు మొద్దు కాదు. గని స్రవ్యకు వాని కంటె మూడు మార్కులు ఎక్కువొచ్చినయి! నిఖిలేష్ గాడు, వానికి బుద్ధి లేదు, స్రవ్యను పట్టుకొని ఎగురుతున్నడు.

మీరేమంటరు? సోమశేఖర్ మాట తప్పిండంటరా? జర ఆగుండ్రి. నేను ఏమన్న? "సమంగ తూగితె" అన్న. మూడు ఎక్కువొస్తె సమం ఎట్లయితది? ఎక్కువ గూడ తప్పు తూకమే గదా! పైగా ఇంగ్లీష్ మీడియం మార్కు, తెలుగు మీడియం మార్కు ఒకటేనా? బాస్మతి, రేషన్ బియ్యం ఒకటే ధరకు పోతయా? వాని మార్కులకు ఇంగ్లీష్ కొసరు కలిపిన. దానివి సర్కారు బడి తరుగు కింద కొన్ని తీసేసిన. గప్పుడు లెక్క చక్కగొచ్చింది. వాడు ఎనిమిదికి, బిడ్డ ఇంటికి.

స్రవ్య ఏడ్వలే. ఏడిస్తె ఊకోబెట్టెటోణ్ణి. దగ్గరికొచ్చి నిలబడి, "నేనెంత తక్కువున్న బాపు? చెప్తె గంత చదువుకుంట" అన్నది.

ఎంతని చెప్పాలె? ఎంత తెచ్చినా ఆ తూకంల తక్కువే పడ్తదని చెప్పాల్నా? మిర్చి ఘాటుకు కండ్లు మండుతున్నయని చెప్పి లోపలికి పోయిన. ఆ దినం దుకాణంల మిర్చి విప్పనే లేదు. ఎవలడిగిండ్రు మిమ్ముల?

ఆ వారంలనే శ్రీహరిరావు సాబ్ ముద్రలు వేసెటందుకు మా లైన్‌కు వచ్చిండు. సామాన్లు, ఉలి, సుత్తి, అసలు కిలో రాయున్న పెట్టె పట్టుకొని మా దుకాణం మెట్టెక్కిండు. బజారు నిండుగున్నది. మిర్చి కొనెటందుకు కూరగాయల నాగమణమ్మ నిలబడ్డది. పక్క దుకాణాలోళ్ళు గూడ తమాషా చూసెటందుకు వచ్చిండ్రు.

"కూసోండ్రి రావు సాబ్, చాయ్ తాగుండ్రి" అని, లోపలికి చూసి గట్టిగ కేకేసిన, "బిడ్డా స్రవ్యా, కిలో రాయి పట్టుకరా!"

లోపలి నుంచి గంట కొట్టినట్టు గొంతు వచ్చింది.

"ఏది బాపు? కొనేదా, అమ్మేదా, సార్లకు చూపెట్టేదా?"

బజారు బజారంత నా దిక్కు తిరిగింది. తరాజు గొలుసులు గూడ ఊగుడు ఆపినయి అనిపించింది. నేను నవ్వెటందుకు చూసిన, మూతి మాట ఇనలే. రావు సాబ్ చాయ్ గ్లాసు కింద పెట్టిండు.

"అమ్మాయ్, అన్నీ పట్టుకురామ్మా" అన్నడు మెత్తగ.

మూడు తెచ్చింది. ఎర్రబట్ట విప్పి, వరుసగ పెట్టింది. రావు సాబ్ ఒక్కొక్కటి తన రాయితోని తూచిండు. మొదటిసారి ముల్లు ఇటు ఒరిగింది. రెండోసారి అటు ఒరిగింది. మూడోసారి నిటారుగ నిలబడ్డది. జనం వెనకనుంచి ఎవలో అరిసిండు, "అరె సేట్! ఏక్ దుకాన్ మే తీన్ తీన్ కిలో?"

నాగమణమ్మ చేతులున్న సంచి నడుముకు పెట్టుకొని నా ముందరికి వచ్చింది. "ఇన్నేండ్ల సంది నాకు ఏ రాయి ఏసినవ్ సేట్?"

"నీకు కొసరు ఏసిన గదా నాగమణమ్మా!" అన్న. ఇంతకంటె మంచి జవాబు మీకు తోస్తె నాకు రాసి పంపుండ్రి.

రావు సాబ్ రెండు రాళ్ళు జప్తు చేసిండు. మిగిలింది మళ్ళ ఎర్రబట్టల చుట్టబోతుంటె, ఇంట్లకెల్లి విమల బయటికి వచ్చింది. ఇన్నేండ్ల కాపురంల ఆమె దుకాణం మెట్టు దిగి బజార్ల మాట్లాడుడు నేను చూడలే.

"జర ఆగుండ్రి రావు సాబ్. గా మంచి రాయి బయటనే ఉండనియ్యుండ్రి. ఇంట్ల ఇంకో తూకం మిగిలి ఉన్నది" అన్నది. మళ్ళ నా దిక్కు తిరిగింది. "ఏమయ్యా, లలితమ్మ టీచర్‌కు జబాన్ ఇచ్చినవ్ గదా. కొడుక్కు ఏ రాయి ఏసినవ్? బిడ్డకు ఏ రాయి ఏసినవ్? బజారంత ఉన్నది, చెప్పు."

అయిపోయింది! బజార్ల జబాన్ పేరు తీసింది! నాగమణమ్మ చూస్తున్నది, బస్తాలు దించెటోళ్ళు చూస్తున్నరు, మిగిలిన వ్యాపారులు నవ్వాపుకొని చూస్తున్నరు. స్రవ్య నా మొఖం దిక్కు చూస్తలేదు, నా చేతుల దిక్కు చూస్తున్నది, రాయి యాడ పెడ్తనో అని.

"ఇద్దరు పోతరు" అన్న.

"ఏ బడికి?" అన్నది విమల.

"ఒకటే బడికి! ఇగ సాలా?"

చూసిండ్రా పాఠకులారా, ఒకటే ప్రమాణం పెడితె ఏమైతదో? నా దుకాణంల ఇప్పుడు ఒకటే కిలో. రైతుకు అదే, గిరాకికి అదే, సార్లకు అదే. దేవుని అర్ర ఖాళీ. పొద్దుగాల ఇద్దరు ఒకటే బస్సు ఎక్కుతరు, ఒకటే తీరు బ్యాగు, ఒకటే టై. దుకాణంల రాయి అందియ్యను మనిషి లేదు. సమితి కూలిపోయింది, కాన్వెంట్ సారు ఫీజు పెంచెటందుకు మొఖం చెల్లక తిరుగుతున్నడు. రెండు షటర్ల ప్రిన్సిపాల్ ఒక షటర్‌ను ఎస్‌టీడీ బూత్‌కు కిరాయికిచ్చిండు. ఎంత నాశనం!

స్రవ్య ఆ దినం తెలిసి అడిగిందా, నేను నేర్పిన అలవాటుకు అడిగిందా అని ఇప్పటికీ నాకు సమజ్ గాలే. ఒకసారి అడుగుదామని పోయిన. లెక్కలు చేసుకుంట తలెత్తి, "ఏంది బాపు?" అన్నది. "ఏం లేదు, చదువుకో" అని వచ్చిన.

అయినా నేను పూర్తిగ ఓడిపోలే. స్టాండర్డ్ అంటె నాకున్న గౌరవం ఇంకా ఒక కాడ బతికే ఉన్నది. మా వంటింట్ల పొద్దుగాల పాలు ఇంకా వానికి పెద్ద స్టీల్ గ్లాసుల, బిడ్డకు పొట్టి గ్లాసులనే వస్తున్నయి. దేవుని దయ, పాల గ్లాసులకు ముద్ర వేసే ఆఫీసు ఈ సర్కారు ఇంకా పెట్టలే. మీ ఇంట్ల గూడ గట్లనే నడుస్తుండవచ్చు, నాకు తెలుసు. ఎవ్వరు గూడ జర రావు సాబ్ చెవిన ఎయ్యకుండ్రి.